ఆర్‌టీ ఛానెల్‌ను ఏ గాటన కట్టాలి?

నిరంకుశ ప్రభుత్వాలు బయటి దేశాల్లో చేసుకునే ప్రచారం మీద వ్యాసం రాస్తున్నాను. దాన్ని సాఫ్ట్ పవర్ (ఆకట్టుకుని పలుకుబడి పెంచుకోవడం), తప్పుడు ప్రచారం అని రెండుగా విడదీస్తూ ఒకచోట ఇరుక్కుపోయాను. తెలిసినవాళ్లు కాస్త దారి చూపించండి.

2004లో మొదలైన చైనా కన్ఫ్యూషియస్ ఇన్‌స్టిట్యూట్‌లు భాష నేర్పుతాయి, అదీ బాహాటంగానే. 2022లో బయటపడ్డ రష్యా 'డాపెల్‌గ్యాంగర్' వ్యవహారం వేరు. జర్మన్ పత్రిక డెర్ స్పీగెల్ సైటుకు అచ్చుగుద్దినట్టు నకలు తయారుచేశారు. చూస్తే అసలుదే అనిపిస్తుంది. అడ్రసు చివర 'డాట్ డీఈ' ఉండాల్సిన చోట 'డాట్ ఎల్‌టీడీ' ఉంటుంది. (అంత చివరిదాకా ఎవరు చూస్తారండీ, నేనైతే బుట్టలో పడేవాణ్ణే.)

మొదటిది సాఫ్ట్ పవర్, రెండోది తప్పుడు ప్రచారం, ఈ రెండింటితో పేచీ లేదు. 2005లో మొదలైన రష్యా టీవీ ఛానెల్ ఆర్‌టీతోనే చిక్కంతా. డబ్బు రష్యా ప్రభుత్వానిదని అందరికీ తెలుసు, మామూలు వార్తలూ వస్తాయి, మధ్యలో అబద్ధాలూ దొర్లిస్తారు. సాఫ్ట్ పవరా, తప్పుడు ప్రచారమా? డబ్బెవరిదో చూసి తేల్చాలా, చెప్పింది నిజమా కాదా అని చూడాలా? మీరైతే ఎలా విడదీస్తారు?