ప్రీమెడ్‌కి యూటీ ఆస్టినా, యూటీ డల్లాసా?

మా అమ్మాయి టెక్సాస్‌లో 12వ తరగతి. ప్రీమెడ్, అంటే మెడికల్ కాలేజీకి ముందు చేసే డిగ్రీ, ఎక్కడ చేయించాలా అని చూస్తున్నాం. యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) ఆస్టిన్‌లో బయాలజీ సీటొచ్చింది, ఫీజంతా మేమే కట్టాలి. యూటీ డల్లాస్‌లో న్యూరోసైన్స్, ట్యూషన్‌కి పూర్తి స్కాలర్‌షిప్. మే 1లోగా తేల్చాలి.

టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో చాలావాటిలో కనీసం 90 శాతం సీట్లు రాష్ట్రం వాళ్లకే కాబట్టి బయటికి పంపే ఆలోచన లేదు. ఏఏఎంసీ (అమెరికా మెడికల్ కాలేజీల సంఘం) పట్టిక చూశాం. ఏ యూనివర్సిటీ నుంచి ఎంతమంది దరఖాస్తు పెట్టారో ఉంది, ఎందరికి సీటొచ్చిందో లేదు. రెండు క్యాంపస్‌లూ తిరిగొచ్చాం. ఆస్టిన్‌లో మేం చూసిన కెమిస్ట్రీ క్లాసు సినిమా హాలంత ఉంది. అంతమందిలో ప్రొఫెసర్‌కి ఈ పిల్ల ఎలా గుర్తుంటుందని నా టెన్షన్. తనకేమో ఆస్టిన్ మీదే మనసు.

ఈ రెండింట్లో చదివి మెడికల్ సీటు తెచ్చుకున్నవాళ్లు చెప్పండి: మెడికల్ కాలేజీ దరఖాస్తుకి సిఫార్సు లేఖ రాసిచ్చేంతగా ప్రొఫెసర్లు దగ్గరయ్యేది ఎక్కడ?