సమస్యాపూరణం: “ఓడ కదలకుండ నూరు దాటె”

నిర్వాహకులు (నెల్లూరు): ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాం. విషయం: చెన్నై రేవు నుంచి మిత్రులతో విహారనౌక ప్రయాణం, మొదటి రెండు రోజులు. మూడో పాదం చివర సంబోధనో ప్రశ్నో పెట్టి ఆపండి. ‘సాగి’ లాంటి మాటతో ముగిస్తే యడాగమం వచ్చి ‘సాగి యోడ’ అవుతుంది, ఇచ్చిన పాదమే మారిపోతుంది.

కావలి సభ్యులు:
తాళ్లు విప్పి రేవు దాటుచుండగ మిత్రు
లెల్ల మిద్దె నెక్కి యిటు గనంగ
కదల లేదు తాము, కదలె నొడ్డే! వింత!
ఓడ కదలకుండ నూరు దాటె

నిర్వాహకులు: భావం బాగుంది. టగ్గులు ఓడను గట్టు నుంచి పక్కకు లాగే మొదటి నిమిషాల్లో అడుగున కుదుపే తెలియదు, ఒడ్డే జరిగినట్టు ఉంటుంది. ‘విప్పి’ మాత్రం తప్పు. తాళ్లు విప్పేది రేవు పనివాళ్లు, రేవు దాటేది ఓడ. కర్తలు వేరైనప్పుడు క్త్వార్థకం (‘విప్పి’, ‘చేసి’ లాంటి అసమాపక రూపం) చెల్లదు. ‘తాళ్లు వీడ’ అనండి, గణం చెడదు.

ఒంగోలు సభ్యురాలు:
కార్డు గీసి గీసి కాఫీలు వైఫైలు
కొంటిరంట! పడియె కొత్త బిల్లు
డాలరులను చూడ టక్కున, చెలులార!
ఓడ కదలకుండ నూరు దాటె

నిర్వాహకులు: అమ్మా, నూరును వంద చేశారు, చమత్కారమే. కానీ యతి పోయింది. ‘కుండన్ + ఊరు’ అని విడదీస్తేనే ఓ–ఊ మైత్రి కుదురుతుంది (ఉ ఊ ఒ ఓ ఒకదానికొకటి చెల్లుతాయి). వంద అంటే అక్కడ నకారమే మిగులుతుంది. మూడో పాదం ఇలా మార్చి చూడండి: ‘డబ్బు మాత్ర మిట్లె టక్కున, చెలులార!’ అప్పుడు ఊరు దాటేది డబ్బు. విషయం మాత్రం నిజం. గది కార్డుకే ఖర్చంతా ఎక్కుతుంది గనుక చేతిలో నోటు కదలదు, లెక్క తెలియదు. రోజూ రాత్రి ఖాతా చూసుకోవాలి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టకపోతే ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్ పట్టుకుని రోమింగ్ బిల్లు విడిగా పడుతుంది.

ఒంగోలు సభ్యురాలు: సవరించానండీ. ధన్యవాదాలు.

కందుకూరు సభ్యులు:
ఏడు పొట్టి కూత లింకొకటి పొడవు
కవచ మెటుల దొడుగ గలరొ నేర్ప
తాళ్లు కట్టియుండ ధ్వని మాత్రమే, మామ!
ఓడ కదలకుండ నూరు దాటె

నిర్వాహకులు: ఈ వారానికి ఇదే మేటి. కూతను కర్త చేయడంతో విరోధం పూర్తిగా విడిపోయింది. ఏ–ఇ, క–గ, తా–ధ్వ యతులన్నీ శుద్ధం. ‘తాళ్లు కట్టియుండ’ అన్న మాటకు బలం ఉంది. పద్యంలోని కూతలు, కవచం ప్రయాణికుల భద్రతా డ్రిల్లువి: ప్రమాద సంకేతం వినిపించి, లైఫ్ జాకెట్ తొడగడం నేర్పుతారు. ఒకప్పుడు బయలుదేరిన 24 గంటల్లోపు ఈ డ్రిల్లు జరిపితే సరిపోయేది. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయాక నియమం మారింది. 2015 జనవరి 1 నుంచి బయలుదేరే ముందో, బయలుదేరిన వెంటనేనో జరపాల్సిందే. కొన్ని ఓడల్లో వీడియో చూసి, మనకు కేటాయించిన చోటికి వెళ్లి కార్డు చూపిస్తే చాలు. ఆ చోటు గుర్తు కార్డు మీదే ఉంటుంది.

గూడూరు సభ్యులు:
కడుపు త్రిప్పు ననుచు గాభరాతో మాత్ర
మ్రింగి నిదుర పోయె మిత్రు డొకడు
లేచి చూచి పలికె: “లేదు రేవే! యెట్లు?
ఓడ కదలకుండ నూరు దాటె!”

కందుకూరు సభ్యులు: సమస్యను పాత్ర నోట పెట్టడం పాత ఉపాయమే అయినా ఇక్కడ చక్కగా అతికింది. వాంతి మాత్రల్లో చాలావాటికి మగత ఉంటుంది. వేసుకోవాల్సింది కూడా బయలుదేరక ముందే, సుమారు అరగంట నుంచి గంట ముందు. వికారం మొదలయ్యాక అంతగా పనిచేయవు. మద్యంతో కలిపి వేసుకోకూడదు. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బంగాళాఖాతం కుదుపు ఎక్కువ. అప్పుడు కింది అంతస్తులో, ఓడ నడిమి భాగంలో గది అడగాలి. ముందు కొసన ఊపు అన్నిటికంటే ఎక్కువ.

నిర్వాహకులు: ఒక్క సందేహం. డ్రిల్లు కాకముందే నిద్రపోతే సిబ్బంది వచ్చి తలుపు తడతారు గదా? ‘గాభరాతో’ బదులు డ్రిల్లు ముగిసిందని సూచించే మాట, క–గ యతి చెడకుండా, దొరుకుతుందేమో చూడండి.