ఫ్లైట్‌లో డబ్బు కట్టి మంచి భోజనం తీసుకోవడం దండగేనా?

నాచారం అబ్బాయి:
వచ్చే నెల అమ్మానాన్న శంషాబాద్‌లో ఎక్కి, యూరప్‌లో ఫ్లైట్ మారి, డాలస్‌లో చెల్లి దగ్గరికి వెళ్తున్నారు. ఎకానమీ. ఇద్దరూ శాకాహారులు. బుకింగ్‌లో రెండో ఫ్లైట్‌కి మాత్రం మనిషికి 20 యూరోలు కడితే స్పెషల్ భోజనం అని చూపిస్తోంది. ఇద్దరికీ కలిపి నాలుగు వేల పైమాటే. పోయినసారి నాన్న ముందుకి చికెన్ వచ్చింది. రేకు మూత తీసి, చూసి, మళ్లీ అంచులన్నీ నొక్కి మూసేసి, బన్నూ వెన్నా తిని పడుకున్నారట. ఫోన్లో నాతో మాత్రం "బానే పెట్టారురా" అన్నారు. కట్టమంటారా?

కూకట్‌పల్లి అక్క:
ముందు బుకింగ్‌లో భోజనం దగ్గర ఏవీఎంఎల్ అనే కోడ్ పెట్టు తమ్ముడూ, అంటే ఏషియన్ వెజిటేరియన్, మన తరహా శాకాహారం. మామూలుగా దానికి పైసా కట్టక్కర్లేదు. కనీసం 24 గంటల ముందు పెట్టాలి, రెండు ఫ్లైట్లకీ విడివిడిగా చూసుకో. పొరపాటున వీజీఎంఎల్ పెట్టావనుకో, చాలా ఎయిర్‌లైన్స్‌లో అది వీగన్. పెరుగు కూడా రాదు.

మాజీ ఫ్లైట్ కిచెన్:
పదకొండేళ్లు ఫ్లైట్లకి భోజనాలు పంపే కిచెన్‌లో ట్రేలు సర్దినవాణ్ణి, నా మాట వినండి. పైన ఎవరూ వండరు. కింద వండింది వెంటనే చల్లార్చి, 5 డిగ్రీల లోపు దాచి, పైకెళ్లాక ఓవెన్‌లో వేడిగాలి పెడతారు, అంతే. పప్పు, గ్రేవీ కూర, అన్నం దీనికి తట్టుకుంటాయి. వేపుడు మెత్తబడిపోతుంది, దోసె సంగతి అడగొద్దు. మీరు 20 యూరోలు కట్టినదీ ఆ ఓవెన్‌లోంచే వస్తుంది. పెరిగేది మాంసం, చీజు, ప్లేటు అందం. మీ నాన్నగారికి చీజుతో ఏం పని?

రెండో ఫ్లైట్‌కే ఎందుకు చూపిస్తోందంటే, అలాంటివి ఎక్కువగా ఆ ఎయిర్‌లైన్ సొంత ఊళ్లోని కిచెన్‌లోనే చేయిస్తారు. ఇక్కణ్ణుంచి ఎక్కే భోజనం మామూలుగా మన ఊరి కిచెన్‌దే, కాబట్టి మొదటి ఫ్లైట్‌కి దిగులు లేదు.

ఇంకోటి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండమీద ఉన్నట్టుంటుంది, పైగా గాలి పొడి. ఉప్పూ తీపీ నాలుకకి సరిగ్గా అందవు. పులుపూ కారం అంతగా తగ్గవు. మనవాళ్లు పులిహోర కట్టుకెళ్లేది ఊరికే కాదు.

నాచారం అబ్బాయి:
పులిహోర సెక్యూరిటీలో ఆపరా సార్?

మాజీ ఫ్లైట్ కిచెన్:
పొడిగా ఉంటే మామూలుగా ఇబ్బంది లేదు. పెరుగు డబ్బా మాత్రం వద్దు, ఇంటర్నేషనల్‌లో దాన్ని ద్రవం కింద లెక్కేస్తారు, 100 మిల్లీలీటర్లు దాటితే అక్కడే వదిలేయాలి. మిగిలింది డాలస్‌లో దిగేలోపే తినేయమనండి. లేదంటే కస్టమ్స్ వాళ్లకి దాచకుండా చెప్పాలి.

కూకట్‌పల్లి అక్క:
ఇంకో మాట. ఇలా ముందే చెప్పి పెట్టించుకున్న భోజనం సీటు నంబరు చూసే తెస్తారు. మా అత్తగారు పక్కావిడకి కిటికీ సీటు ఇచ్చేశారు, అత్తగారి పన్నీరు కూర కూడా ఆ సీటుతోపాటే వెళ్లిపోయింది. సీటు మారితే ఎయిర్ హోస్టెస్‌కి చెప్పమను.

నాచారం అబ్బాయి:
రెండు ఫ్లైట్లకీ ఏవీఎంఎల్ పెట్టేశాను, డబ్బు కట్టట్లేదు. నాన్నకి చెబితే "ఎందుకురా ఖర్చు" అన్నారు. ఉచితమే అన్నాను. "ఉచితమా? అయితే ఏం పెడతారో" అన్నారు. అమ్మ అప్పుడే చింతపండు తీసి పక్కన పెట్టింది.