"పైర లేచె, చాప ఎత్తు": ఈ పైర ఏ పైర?

కాలవగట్టు:
నాలుగు రోజులుగా ఒక పడవ పాట ముక్క బుర్రలో తిరుగుతోంది. మా తాత ధవళేశ్వరం కింద కాలవ మీద సరుకు పడవ నడిపేవాడు. నాకు ఊహ తెలిసేసరికి పడవలు పోయి లారీలు వచ్చేశాయి. అయినా సాయంత్రమైతే పాత జట్టు నలుగురూ లాకు (పడవల్ని దాటించే కాలవ తలుపులు) దగ్గర చింతచెట్టు కింద చేరేవాళ్ళు. ఎప్పుడూ ఒకటే గొడవ, వయసులో ఉన్నప్పుడు ఎవరి పడవ ముందొచ్చి లాకులో దూరిందని. "ఆ ఏడు ముందొచ్చింది నీ పడవ కాదురా, నీ నోరు" అని ఒకాయన అనగానే తాత తొడ చరిచి ఎత్తుకునేవాడు:

పైర లేచె, చాప ఎత్తు,
లాకు కాడ ... ... బావా

మధ్యలో రెండు మాటలు పోయాయి. ఎవరికైనా తెలుసా? చాప అంటే తెరచాప, అది తెలుసు. ఇంకోటి. ఇక్కడ పైర అంటే పైరు మీది గాలేనా? తాత "పై"ని బాగా సాగదీసి "ర" దగ్గర టక్కున ఆపేవాడు. చివర ఉకారం విన్న గుర్తు లేదు.

నిఘంటుప్రియ:
పైరుకీ దీనికీ సంబంధం లేదండీ. పయ్యెర. బ్రౌణ్యంలో, అదే బ్రౌన్ నిఘంటువులో, పయ్యర చూడండి, గాలి అనే అర్థం. పయ్యెరచూలి అంటే గాలికొడుకు, ఆంజనేయుడు అని మనమంతా చదువుకున్నదేగా, అక్కడ పైరెక్కడిది? పయ్యెర నలిగి పయిర, అదీ నలిగి పైర. అర్థం మరిచిపోయాక పక్కన మళ్ళీ "గాలి" తగిలించుకున్నాం. పైరగాలి అంటే గాలిగాలి అన్నట్టే.

లంకపొలం:
పుస్తకంలో సరే. మా లంకల్లో పైరగాలి అంటే ఊడ్చిన చేల మీదుగా వచ్చే చల్లగాలి. మా అమ్మ ఇప్పటికీ "పైరగాలి తగిలింది, కిటికీ తియ్యి" అంటుంది. జనం నోట్లో అర్థం మారాక, పాట కట్టినవాడి నోట్లో మాత్రం మారలేదని ఎలా చెబుతారు?

భీమిలి తెప్ప:
మాది సముద్రం. మా ఇంట్లో పెద్దవాళ్ళకి పైర అంటే దక్షిణం నుంచి వచ్చే గాలి, అంతే. నీళ్ళ మీద బతికేవాడికి చేనెక్కడిది? పందెం సంగతి కూడా చెబుతాను. ఇంజన్లు రాకముందు, దుంగలు కలిపి కట్టిన తెప్పలకి చాప కట్టి వచ్చేటప్పుడు రోజూ పందెమే. ముందు ఒడ్డుకి చేరినవాడి చేపకే మంచి ధర. మా తాత కూడా మీ తాతలాగే, ఎనభై ఏళ్ళకీ "ఆ రోజు నేనే ముందు" అనేవాడు. కాదన్నవాడితో రెండు రోజులు మాట్లాడేవాడు కాదు.

కొచ్చిలో తెలుగువాణ్ణి:
అర్థం కోసం కొట్టుకునే ముందు మాత్రలు లెక్కపెట్టండి. పైర, లేచె, చాప, ఎత్తు. అన్నీ మూడేసి. "పయ్యెర లేచె" అనండి, మొదటి అడుగులోనే నాలుగై లయ కుంటుతుంది. ఇక్కడ వంజిప్పాట్టు, అంటే మలయాళ పడవ పాట, వింటూ ఇరవై ఏళ్ళు గడిపాను. రామపురత్తు వారియర్ అనే కవి రాసిన కుచేలవృత్తం అచ్చంగా పడవ నడకలో సాగుతుంది. పున్నమడ సరస్సులో నెహ్రూ ట్రోఫీ పందెంలో చుండన్ అనే పొడవాటి పడవల మీద వంద మందికి తెడ్లు ఒక్కసారి పడాలంటే అక్షరం తప్పకూడదు. కాబట్టి "పైర" అన్నదే సరి.

నిఘంటుప్రియ:
పయిర కూడా మూడే మాత్రలండీ. మూడు లఘువులు. మీ లెక్క నా వైపే ఉంది.

లంకపొలం:
పైరు కూడా మూడే. ఉకారం పలికినా లయ చెడదు.

భీమిలి తెప్ప:
కొచ్చి అన్నగారూ, ఒక్క మాట. చాప ఎత్తాక తెడ్డు ఎవరేస్తారు? ఇది తెడ్డు పాట కాదు, తాడు పాట. చాప పైకి పోవాలంటే నలుగురూ కలిసి తాడు లాగాలి. "పైర" దగ్గర ఊపిరి తీసుకుని "లేచె" మీద లాగు, "చాప" దగ్గర పట్టు మార్చుకుని "ఎత్తు" మీద లాగు. కొబ్బరి పీచు తాడు కొత్తదైతే అరచెయ్యి చీరేస్తుంది. అందుకే మధ్యలో ఆ చిన్న ఆపు. కాలవగట్టు గారి తాత "ర" దగ్గర టక్కున ఆపారంటే, అది చేతులు పట్టు మార్చుకునే చోటు.

కాలవగట్టు:
ఇది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. తాత అరచేతిలో అడ్డంగా ఒక గట్టి గీత ఉండేది. అది గడ వేసి వేసి వచ్చిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

సీసపద్యం:
ఓడలంటే శ్రీనాథుణ్ణి ఎవరూ తలుచుకోలేదేమిటి! హరవిలాసంలో అవచి తిప్పయ్య సెట్టి వ్యాపారం మీద "పంజార కర్పూర పాదపంబులు దెచ్చి" సీసం ఉందిగా. సింహళం ఏనుగులు, హురుముంజి గుర్రాలు, చీనా పట్టు, ఒక్క పద్యంలో రేవు మొత్తం దించేశాడు. అదే కావ్యంలో కప్పలి, జోంగు అని ఓడల పేర్లూ ఉన్నాయి. జోంగు తూర్పు సముద్రాల మాట. తెలుగు పద్యంలోకి అంత దూరం నుంచి ఓడ దాని పేరుతో సహా వచ్చి నిలబడింది.

నిఘంటుప్రియ:
జోంగు సరే, అందులో పయ్యెర ఉందా?

సీసపద్యం:
ఆ సీసంలో లేదు. సరుకు ఉంది, సెట్టి ఉన్నాడు, చాప ఎత్తినవాడు లేడు. శ్రీనాథుడంటే నాకు ప్రాణం, అయినా ఆ లోటు ఉంది. పైరు కావాలంటే మాత్రం చివరి రోజుల చాటువు ఉంది. బొడ్డుపల్లెలో పొలం గుత్తకి తీసుకుంటే "కృష్ణవేణమ్మ కొనిపోయె నింత ఫలము". మిగిలిన నువ్వులూ పెసలూ పిట్టలు తిన్నాయి. ఏడు వందల టంకాలు ఎలా కట్టాలిరా అని అంత మహాకవి అడిగిన పద్యం నేను ఎప్పుడు చదివినా పూర్తిగా పైకి చదవలేను, గొంతు పట్టేస్తుంది.

లంకపొలం:
వరదకి చేను పోయినవాళ్ళం, మాకు ఆ పద్యానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

కొచ్చిలో తెలుగువాణ్ణి:
మళ్ళీ పాటకి వద్దాం. "లాకు" అంటే ఇంగ్లీషు మాట. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, కాలవలూ లాకులూ దాని వెంట వచ్చినవే. కాబట్టి పాట అంతకన్నా పాతది కాదు. ఆ కాలానికి మామూలు జనం పయ్యెర అంటున్నారా అన్నది నా సందేహం.

భీమిలి తెప్ప:
పాట పాతదై లాకు కొత్తగా చేరి ఉండొచ్చుగా? "రేవు కాడ" అని పాడి చూడండి. అదీ మూడూ మూడే.

లంకపొలం:
నా ఊహ ఒకటి. మా వైపు ఎగువని "పై" అంటాం. పైనుంచి నీళ్ళొచ్చాయి, పైకి పడవ పోయింది అని. దిగువకి పోయే పడవకి నీటివాలు చాలు. ఎగువకి రావాలంటే గాలి కావాలి, లేకపోతే గట్టు మీద తాడు భుజానేసుకుని లాగాలి. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి లేచే గాలి పడవని పైకి తోస్తుంది. పైకి తీసుకుపోయే గాలి కాబట్టి పైర!

నిఘంటుప్రియ:
వినడానికి అందంగా ఉంది. కానీ ఆ "ర" ఎక్కడిది? పయ్యెర, తెమ్మెర రెండింటి చివరా ఒకే "ఎర" కనిపిస్తోంది చూడండి. తెమ్మెరలో తెన్, అంటే దక్షిణం ఉందని నా అనుమానం, తమిళంలో దక్షిణపు గాలి తెన్రల్ కదా. ఆ "ఎర" సంగతి తేలితే అన్నీ తేలతాయి.

సీసపద్యం:
ఎర అంటే చేపలకి వేసేదే గుర్తొస్తుంది నాకు.

కాలవగట్టు:
ఇందాక మా పెదనాన్నకి ఫోన్ చేశాను. ఎనభై ఆరేళ్ళు, తాతతో పడవ ఎక్కినవాడు. ఖాళీలో మాటలు ఆయనకీ గుర్తు రాలేదు. పాట మాత్రం పాడాడు, రెండుసార్లు పాడించుకున్నాను. పైరలో ఉకారం లేదు, యకారం సాగలేదు, స్పష్టంగా "పైర". కానీ ఆయన "లేచె" అనలేదు. "లేవె" అన్నాడు. "గాలి వచ్చాక పాటెందుకురా, చాపెత్తి పోవడమేగా. గాలి పడిపోయి, పక్క పడవవాడూ మనమూ లాకుకి కూతవేటు దూరంలో నిలబడిపోయినప్పుడు పాడేది" అన్నాడు.

భీమిలి తెప్ప:
అంటే గాలిని పిలుస్తున్నారు! పైరా, లేవవే అని. మరి "చాప ఎత్తు" అన్నది కూడా గాలితోనేనా, బావతోనా?

నిఘంటుప్రియ:
ఆ "వె" హ్రస్వమా, దీర్ఘమా? "లేవే" అయితే నాలుగు మాత్రలు. మళ్ళీ ఫోన్ చేసి ఆ ఒక్క అక్షరం కనుక్కోండి.