స్ఫటికంలోని వంకర థర్మోఎలక్ట్రిక్ (వేడిని కరెంటుగా మార్చే) పదార్థానికి మేలు చేస్తుందా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి): మా ఊరి రైసుమిల్లు బాయిలరు గోడ వేడిని కరెంటుగా మార్చే ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. పరమాణువులు కాస్త పక్కకు జరిగితే పదార్థం పనితీరు పెరుగుతుందని చదివాను. అదెలా సాధ్యం?

జవాబు (బరంపురం): జెర్మేనియం టెల్లురైడును చూడండి. గది ఉష్ణోగ్రత వద్ద అందులోని జెర్మేనియం పరమాణువు ఘనపు కర్ణం వెంబడి కేంద్రం నుంచి తొలగి ఉంటుంది కనుక, దానికి ఒకవైపు మూడు పొట్టి బంధాలు, మరోవైపు మూడు పొడుగు బంధాలు ఏర్పడతాయి. ఈ అసమానతే వంకర; అది వేడిని మోసే కంపనాలను చెదరగొడుతుంది. దాంతో వేడి తేలిగ్గా దాటిపోక, కరెంటు పుట్టడానికి కావలసిన ఉష్ణోగ్రత తేడా నిలుస్తుంది.

జవాబు (రాయగడ): నిజమే గానీ, వంకర ఎక్కువైతే నష్టమే. దాదాపు 700 కెల్విన్ వద్ద ఆ స్ఫటికం ఘనాకృతికి మారేటప్పుడు శక్తిపట్టీలు (ఎలక్ట్రాన్లు ఉండగల శక్తిస్థాయిల గుంపులు) దగ్గరై సీబెక్ గుణకం, అంటే ఒక్కో డిగ్రీ ఉష్ణోగ్రత తేడాకు పుట్టే వోల్టేజి, పెరుగుతుంది. అందుకే బిస్మత్, ఆంటిమొనీ వంటివి కలిపి వంకరను తగ్గిస్తారు. దాన్ని పూర్తిగా పోనివ్వకపోవడమే మేలని నా అభిప్రాయం. అన్నట్టు, మీ బాయిలరు గోడకు బజారులో దొరికే బిస్మత్ టెల్లురైడు మాడ్యూలే సరిపోతుంది.