అప్‌డేట్: వండర్‌లా పోయొచ్చినాం, ఫొటోలు చానా బాగొచ్చినాయి

కర్నూలు నుంచి ఇంటిల్లిపాదీ హైదరాబాద్ వండర్‌లా పార్కుకి (రైడ్లు, నీళ్లాటలు ఉండేది) పోతున్నాం, ఫోన్‌తో తీస్తే కదిలేవన్నీ మసకగా వస్తాయి ఏం చేయాల అని అడిగింటి కదా, పోయొచ్చినాం. సలహాలిచ్చినోళ్లందరికీ థాంక్స్.

అన్నిట్లోకి బాగా పనికొచ్చింది ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే మార్చుకునేది) షటర్ 1/1000, అంటే సెకనులో వెయ్యో వంతు, పెట్టమన్నది. షటర్ అంత తక్కువ సేపు తెరిస్తే వెలుతురు ఎక్కువ కావాల, ఎండ ఎట్లాగూ దంచుతాంటుంది కాబట్టి వెలుతురుకి కరువు లేదు, వేవ్ పూల్‌లో పిల్లోళ్లు ఎగజల్లిన నీళ్లు గాల్లో ముత్యాల్లాగా ఆగిపోయినాయి. ఎండకి ఎదురుగా తీస్తేనే ఆ మెరుపు. వాటర్‌ప్రూఫ్ పౌచ్ మీద చుక్కలు మాత్రం తుడుచుకుంటా ఉండాల.

రీకాయిల్ అనే రోలర్ కోస్టర్‌కి కింద నిలబడి, ట్రాక్ మీద ముందే ఫోకస్ లాక్ చేసి బర్స్ట్ (వరసగా చానా ఫొటోలు) కొట్టినా. అది ముందుకు పోయి మళ్లీ వెనక్కి వస్తుంది, కాబట్టి రెండో ఛాన్స్ గ్యారంటీ. మా చిన్నాయన మొహం చూడాల మీరు!

గ్రూప్ ఫొటో మిట్టమధ్యాహ్నం ఎండలో వద్దు, కండ్ల కింద నల్లగా పడతాది, నీడపట్టునే తీసినాం. జేజి నీళ్లలోకి దిగనంది, ఎట్లాగూ ఆడ నైలాన్ లాంటి సింథటిక్ బట్టలే వేసుకోవాల, కాటన్ చీర ఒప్పుకోరు. బెంచీ మీద కూర్చున్న ఆమెని నేను కింద కూర్చుని తీసిన ఫొటోనే ఇంట్లో అందరికీ నచ్చింది.

ఇప్పుడు కర్నూల్లో ఆల్బమ్ ప్రింట్ ఏడ బాగేస్తారో చెప్పండబ్బా.