ఇంటి కంప్యూటర్‌కి స్టూడియో మానిటర్లు: కొనాలా, వద్దా?

పెదవాల్తేరు బాబు:
అందరికీ నమస్కారం. మాది అద్దె ఫ్లాట్. పదడుగుల చదరపు గది, గోడకి ఆనించిన టేబుల్, దాని మీద కంప్యూటర్. పాటలు వింటాను, సినిమాలు చూస్తాను, నెలకి ఒకటి రెండు వీడియోలు ఎడిట్ చేస్తాను. ఉన్న 2.1 సెట్ (రెండు చిన్న స్పీకర్లు, ఒక బేస్ డబ్బా) ఉగాది నాడు కన్నుమూసింది. ఆఫీసులో ఒకాయన స్టూడియో మానిటర్లు, అంటే రికార్డింగ్ స్టూడియోల్లో వాడే స్పీకర్లు, యమహా హెచ్‌ఎస్5 జత కొనమంటున్నారు. ఇంకొకాయన "అవి స్టూడియోలో పనిచేసేవాళ్ళకి, వాటిలో పాట వింటే ఉప్పులేని పప్పే" అంటున్నారు. ఎవరి మాట వినను?

గాజువాక బాసు:
కళ్ళు మూసుకుని కొనెయ్ తమ్ముడూ. మామూలు కంప్యూటర్ స్పీకర్లు బేస్‌ని (డప్పులాంటి లావు శబ్దాన్ని) ఉబ్బించి నిన్ను మురిపిస్తాయి. మానిటర్ ఉన్నది ఉన్నట్టు చెప్తుంది. పైగా ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది. హెచ్‌ఎస్5లో వూఫర్‌కి (బేస్ పలికేది) 45 వాట్లు, ట్వీటర్‌కి (సన్నటి శబ్దాలు పలికేది) 25 వాట్లు, రెండూ విడివిడిగా. హైఫై స్పీకర్లయితే చాలావాటికి ఆంప్లిఫయర్ వేరే కొనాలి. నాలుగేళ్ళుగా అవే వాడుతున్నాను. పాత పాటల్లో తబలా మీద వేలు పడటం కూడా తెలుస్తోంది.

మైక్‌సెట్ మాస్టారు:
ఆ "ఉన్నది ఉన్నట్టు" దగ్గరే నాకు పేచీ. నేను స్టూడియో మనిషిని కాను, పెళ్ళిళ్ళకీ జాతరలకీ సౌండ్ పెట్టేవాణ్ణి. కానీ గది ఎలాంటి తమాషాలు చేస్తుందో ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. స్పీకర్ ఏ శబ్దాన్నీ పెంచకుండా, తగ్గించకుండా ఫ్లాట్‌గా ఉంటే ఉండొచ్చు, బాబు గది ఉండదు కదా!

పదడుగులంటే మూడు మీటర్ల పైచిలుకు. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. ఆ లెక్కన ఎదురెదురు గోడల మధ్య మొదటి మోత 56 హెర్ట్జ్ (సెకనుకు 56 కంపనాలు, అంటే లోతైన బేస్) దగ్గర పుడుతుంది. గది చదరం కాబట్టి పొడవుకీ వెడల్పుకీ అదే అంకె. రెండూ ఒకచోట కూడి గోడల పక్కన, మూలల్లో డప్పు దద్దరిల్లుతుంది. నడిమధ్యలో నిలబడితే అదే డప్పు మాయం. కింద టైల్స్, చుట్టూ సిమెంటు గోడలు, మహా అయితే ఒక పల్చటి కర్టెన్. ఇందులో ఏ స్పీకర్ పెట్టినా బాబు వినేది ఆ గదినే. ఎడిటింగ్‌కి మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కో, మిగిలిన డబ్బుతో ఒక మందపాటి తివాచీ తెచ్చి పరుచుకో.

గాజువాక బాసు:
మాస్టారూ, మీది కల్యాణమండపం లెక్క. ఇక్కడ మనిషి మూడడుగుల దూరంలో కూర్చుంటాడు. నియర్‌ఫీల్డ్ (దగ్గర కూర్చుని వినే స్పీకర్) అనేది అందుకే కదా? గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం కంటే నేరుగా వచ్చేదే ఎక్కువ.

మైక్‌సెట్ మాస్టారు:
గొంతు దగ్గర, తాళాల దగ్గర ఒప్పుకుంటాను. బేస్‌కి ఆ మాట చెల్లదు. 56 హెర్ట్జ్ తరంగం పొడవే ఆరు మీటర్లు. దానికి నీ మూడడుగులు ఏపాటి?

సీతమ్మధార శ్రోత:
అసలు "స్టూడియో" అనే ముద్రకే అంత విలువ ఇవ్వక్కర్లేదు. యమహా ఎన్‌ఎస్10ని 1978లో తెచ్చింది ఇళ్ళల్లో వినడానికే. ఇళ్ళవాళ్ళకి పెద్దగా నచ్చలేదు. స్టూడియోవాళ్ళు తీసుకెళ్ళి మిక్సింగ్ బల్లల మీద కూర్చోబెట్టారు. సన్నటి శబ్దాల చురుకు భరించలేక ట్వీటర్ మీద టిష్యూ పేపర్ అంటించుకుని మరీ వాడారు! 2001 దాకా తయారైంది. హెచ్‌ఎస్ వరసకి ఆ తెల్ల కోన్ దాని పోలికే.

నా గొడవ వేరు. నేను వినేది రాత్రి పది దాటాక, పిల్లలు పడుకున్నాక, చిన్న వాల్యూమ్‌లో. రెండడుగుల దూరంలో ట్వీటర్ బుస వినపడుతూనే ఉండేది. పైగా నాది దానంతటదే నిద్రపోయే రకం. సిగ్నల్ మరీ తక్కువైతే పాట మధ్యలోనే ఆగిపోయేది. (మోడల్ పేరు అడక్కండి, అన్నీ అలా ఉండవు.) బావమరిదికి ఇచ్చేసి ఇళ్ళల్లో అరల మీద పెట్టుకునే మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు తెచ్చుకున్నాను, హాయిగా ఉంది.

రెండో అంతస్తు:
ఇంత వాదించారు, వైర్ల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నేను మానిటర్లు తెచ్చిన మొదటి రోజు పాటలో మ్యూజిక్ వస్తోంది, గాయకుడు లేడు! గంటసేపు టెన్షన్. తప్పు నాదే. కంప్యూటర్ స్టీరియో జాక్ నుంచి రెండు కొసలా మూడు లోహపు భాగాల జాక్ ఉన్న వైరు తీసుకుని ఒక స్పీకర్‌లో దూర్చాను. ఆ స్పీకర్‌కి ఉండే బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ తనలోకి వచ్చే రెండు తీగల తేడానే తీసుకుంటుంది, నా వైరులో ఆ రెండూ కుడి, ఎడమ. రెండిట్లోనూ సమానంగా ఉండే గొంతు కొట్టుకుపోయింది. ఒక స్టీరియో జాక్ నుంచి రెండు మోనో జాక్‌లుగా చీలే వైరు కావాలి. యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కీ స్పీకర్లకీ నడుమ పెట్టే సౌండ్ పెట్టె) ఉంటే ఇంకా మేలు, వాల్యూమ్ నాబ్ చేతికి అందుతుంది. లేకపోతే ప్రతిసారీ స్పీకర్ల వెనక్కి చెయ్యి పెట్టి తడుముకోవాలి.

తర్వాత గుయ్యిమనే మోత. లాప్‌టాప్ చార్జర్ పీకితే ఆగింది, అంటే ఎర్త్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ కలిసి మోత పుట్టడం). షాపులో ఒకతను స్పీకర్ ప్లగ్‌కి మూడో పిన్ను తీసెయ్యమన్నాడు. ఆ పని మాత్రం చెయ్యొద్దు, షాక్ కొట్టకుండా కాపాడేది అదే. అన్నీ ఒకే ఎర్త్ ఉన్న బోర్డుకి పెట్టి, ఇంటర్‌ఫేస్ నుంచి స్పీకర్లకి బ్యాలెన్స్‌డ్ వైర్లు వాడాను, పోయింది. పెదవాల్తేరు అంటున్నారు కాబట్టి ఇంకోటి: సముద్రపు గాలికి జాక్‌లు పచ్చబడతాయి. అప్పుడప్పుడు తీసి తుడవండి.

గాజువాక బాసు:
ఇదంతా ఎందుకు? తమ్ముడూ, ఆదివారం వచ్చి నావి పట్టుకెళ్ళు. వారం వాడి చూడు.

పెదవాల్తేరు బాబు:
తెచ్చాను! ఒక్కోటి 5 కిలోల పైనే, స్కూటర్ మీద ప్రాణం పోయింది. గోడకి ఆనించి పెడితే నిజంగానే బేస్ బోదకాలు వచ్చినట్టు ఉబ్బింది. వెనకాల బేస్ తగ్గించే రూమ్ కంట్రోల్ మీట −4కి దించి, టేబుల్ జానెడు ముందుకి లాగాను. ట్వీటర్ చెవి ఎత్తుకి రావాలని కింద రెండేసి డిక్షనరీలు. ఘంటసాల పాత మోనో పాట పెడితే గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ నిలబడింది, ఒళ్ళు జలదరించింది. కానీ మాస్టారూ, మీరన్నదీ నిజమే. కుర్చీ వెనక్కి జరిపి గది మధ్యకొస్తే బేస్ ఎటో పోతోంది. నా వీడియోల్లో నా గొంతు ఇంత ముక్కుతో ఉందని కూడా ఇప్పుడే తెలిసింది, అది మరీ దారుణం.

సీతమ్మధార శ్రోత:
రాత్రి విని చెప్పు.

పెదవాల్తేరు బాబు:
విన్నానండీ. బుస ఉంది, ఫ్యాన్ వేస్తే వినపడదు. అసలు చిక్కు కింద వాటాలో ఉంటున్న ఓనర్ గారితో. పొద్దున్నే వచ్చి "కొత్త సౌండా బాబూ?" అన్నారు.

మైక్‌సెట్ మాస్టారు:
డిక్షనరీలు తీసేసి మందపాటి స్పాంజ్ పెట్టు. నేను చెప్పిన తివాచీ కూడా.

గాజువాక బాసు:
ఏది పెట్టినా వచ్చే ఆదివారానికి నావి నాకు తెచ్చెయ్. ఇక్కడ ఇల్లు బోసిపోయింది.